నిప్పు చుట్టూ తిరిగే ఇంగ్లీషు మాటలకు కూపీ లాగడం ఎలా

ముందు ఒక అగ్గిపెట్టె తెచ్చుకోండి. డిక్షనరీ తర్వాత చూద్దాం.

గాజువాకలో సాయంత్రాలు కొందరు పిల్లలకు ఇంగ్లీషు చెప్తుంటాను. బ్యాంకు పరీక్షలకో గ్రూప్స్‌కో చదివేవాళ్లే ఎక్కువ. వాళ్ల దగ్గర ఎప్పుడూ ఒక లిస్టు ఉంటుంది: ఇగ్నైట్ అంటే రాజేయడం, ఆర్సన్ అంటే కావాలని తగలబెట్టడం, టెపిడ్ అంటే గోరువెచ్చని. సోమవారం బట్టీ పట్టింది గురువారానికి ఉండదు. మళ్లీ టెన్షన్. నేను చెప్పే పద్ధతి నిదానం. రోజుకు ఒక మాట, మహా అయితే రెండు. కానీ చుట్టాలెవరో తెలిసిన మాట అంత తేలిగ్గా జారిపోదు. పెళ్లిలో కలిసిన మనిషైనా "ఫలానావాళ్ల పెద్దల్లుడు" అని చెప్తేనే కదా మనకు గుర్తుండేది.

వస్తువు దగ్గర మొదలుపెట్టండి

అగ్గిపెట్టెను మనం ఏమంటాం, ఇంగ్లీషువాళ్లు ఏమంటారు, రెండూ ఒక కాగితం మీద రాయండి. మన మాటను ముందు విప్పండి. అగ్గి అంటే అగ్నే, జనం నోట్లో నలిగి అగ్గి అయింది. ఇప్పుడు మీ బండి తాళం తెచ్చి అగ్గిపెట్టె పక్కన పెట్టండి. ఆ తాళం దూర్చి తిప్పే చోటు ఇగ్నిషన్. లాటిన్‌లో నిప్పును ఇగ్నిస్ అనేవారు. అగ్ని, ఇగ్నిస్ రెండూ ఒకే పాత మాటకు పుట్టిన పిల్లలు. లిథువేనియావాళ్లు ఈనాటికీ నిప్పును ఉగ్నిస్ అనే అంటారు. అంటే అగ్గిపెట్టె, బండి తాళం పేర్ల వరకు అన్నదమ్ములు. ఇగ్నైట్, ఇగ్నియస్ ఇక విడిగా బట్టీ పట్టక్కర్లేదు. (ఇగ్నియస్ రాక్ అనగానే పిల్లలు కైలాసగిరి వైపు చెయ్యి చూపిస్తారు. మన విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండే ఖోండలైట్ అగ్నిశిల కాదు, రూపాంతర శిల. అది వేరే సంగతి.)

తర్వాత వాళ్ల మాట, మ్యాచ్. ఇది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, అక్కడ దీని అర్థం దీపం వత్తి. ఇంకా వెనక్కి పోతే గ్రీకులో మిక్సా వరకు వెళ్తుందంటారు. ప్రమిద మూతి నుంచి వేలాడే వత్తిని చూసి, ముక్కు నుంచి కారే చీమిడితో పోల్చి పెట్టిన పేరు అది. మ్యూకస్ దీనికి దగ్గర చుట్టం. ఈ సంగతి విన్న పిల్లలెవరూ మ్యాచ్ అనే మాటను మర్చిపోగా నేను చూడలేదు. గీస్తే మండే పుల్లలను ఇంగ్లండులో జాన్ వాకర్ అనే మందుల షాపు ఆయన 1827లో అమ్మడం మొదలుపెట్టాడు. అంతకు ముందు మ్యాచ్ అంటే వత్తే, ఫిరంగి పేల్చడానికి వాడే నిప్పుతాడు కూడా. కొత్త వస్తువుకు పాత పేరు అంటగట్టడం అన్ని భాషల్లోనూ ఉన్నదే.

క్రికెట్ మ్యాచ్, పెళ్లి మ్యాచ్ వేరు. అవి "జోడీ" అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చాయి. ఒకే స్పెల్లింగు, రెండు వంశాలు. ఈ ఇబ్బంది ముందు ముందు ఇంకా వస్తుంది.

డిక్షనరీలో ఎక్కడ చూడాలి

అర్థాల దగ్గర ఆగిపోకండి. పెద్ద డిక్షనరీల్లో మాట చివర స్క్వేర్ బ్రాకెట్లలో చిన్న అక్షరాలతో ఒక ముక్క ఉంటుంది. అదే మనకు కావలసింది. ఫోన్‌లో అయితే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ ఉంది, ఉచితం. ఆక్స్‌ఫర్డ్ పెద్ద సంపుటాలు చూడాలంటే ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీ లాంటి పెద్ద లైబ్రరీలో అడగండి. తెలుగు వైపు సరిచూసుకోవడానికి బ్రౌన్ నిఘంటువు, ఆంధ్రభారతి సైటు చాలు.

అందులో మూడు విషయాలు వెతకండి: మాట ఏ ఏ భాషల మీదుగా వచ్చింది, ఇంగ్లీషులో మొదట ఎప్పుడు కనిపించింది, అప్పుడు దాని అర్థం ఏమిటి. మూడోదే బంగారం. ఇంకొక్క మాట. కొన్ని పాత రూపాల ముందు చుక్క గుర్తు, అంటే నక్షత్రం కనిపిస్తుంది. ఆ రూపం ఏ పుస్తకంలోనూ, శాసనంలోనూ దొరకలేదు, పండితులు లెక్క కట్టి ఊహించింది అని దానర్థం. మా పిల్లాడొకడు దాన్ని "ఇంపార్టెంట్" గుర్తనుకుని నక్షత్రాలున్నవన్నీ కంఠస్థం చేసి వచ్చాడు.

పాత అర్థం పట్టుకుంటే ఎంత దూరం పోవచ్చో చూడండి

ఫోకస్ అనే మాట తీసుకోండి. "చదువు మీద ఫోకస్ పెట్టు" అని రోజుకు పదిసార్లు వింటాం. లాటిన్‌లో ఫోకస్ అంటే ఇంటి పొయ్యి. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరే నిప్పు. 1604లో యోహానెస్ కెప్లర్ కాంతి గురించి రాస్తూ, కిరణాలన్నీ వచ్చి చేరే బిందువుకు ఈ పేరు వాడాడు. ఎందుకో తెలియాలంటే మధ్యాహ్నం మేడ మీదికి భూతద్దం, ఓ న్యూస్‌పేపర్ ముక్క పట్టుకెళ్లండి. అద్దాన్ని పైకీ కిందకీ జరుపుతుంటే వెలుగు కుంచించుకుపోయి ఒక చుక్క అవుతుంది. కదపకుండా పట్టుకుంటే ఆ చుక్క దగ్గర కాగితం ముందు గోధుమ రంగుకు తిరుగుతుంది, అంచులు ముడుచుకుంటాయి, సన్నగా పొగ లేస్తుంది. ఆ చుక్కే పొయ్యి. (నీళ్ల చెంబు పక్కన పెట్టుకోండి. మా పక్కింటివాళ్లు ఆరేసిన లుంగీకి ఒకసారి చిల్లు పడింది.)

ఆ పొయ్యి నుంచి ఫ్రెంచిలో నిప్పుకు ఫూ అనే మాట వచ్చింది, వంటచెరకు అనే అర్థంలో ఇంకో మాట వచ్చింది. ఆ రెండోది ఇంగ్లీషులో ఫ్యూయల్ అయింది. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బంకులో మీరు పోయించుకునే పెట్రోలు పేరులో వంటింటి పొయ్యి ఉందన్నమాట. సినిమాహాల్లో టికెట్ చింపాక మనం నిలబడే చోటును ఫోయర్ అంటారు. ఫ్రెంచి నాటకశాలల్లో నటులు చలి కాచుకునే గది అది మొదట్లో. జగదాంబలో సమోసా కొనుక్కుని నిలబడినప్పుడు గుర్తు చేసుకోండి, అక్కడ ఏసీ తప్ప నిప్పు లేకపోయినా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కర్ఫ్యూ. పాత ఫ్రెంచిలో రెండు ముక్కలు: కప్పు, నిప్పు. మధ్యయుగాల్లో ఐరోపా ఊళ్లలో రాత్రి ఒక వేళకు గంట కొట్టేవారు. గంట వినగానే ఎవరి పొయ్యిలో నిప్పును వాళ్లు కప్పేయాలి, లేకపోతే కొయ్య ఇళ్లు అంటుకుంటాయి. ఆ గంట పేరే కర్ఫ్యూ. ఇప్పుడు మన పేపర్లు గొడవలు జరిగిన ఊరి గురించి రాసే వాక్యం తలుచుకోండి: "పరిస్థితి నివురుగప్పిన నిప్పులా ఉంది, కర్ఫ్యూ విధించారు." రాసిన విలేకరికి తెలియకుండానే ఒకే బొమ్మ రెండుసార్లు పడింది, ఒకసారి తెలుగులో, ఒకసారి ఫ్రెంచిలో. మా అమ్మమ్మ రాత్రి పడుకోబోయే ముందు కుంపట్లో నిప్పుల మీద బూడిద కప్పేది, తెల్లారి ఆ బూడిద తోస్తే కింద ఎర్రగా ఉండేది. కర్ఫ్యూ అంటే ఆ పని.

ఇలాగే ఇంకొన్ని గబగబా చెప్తాను. బ్రాండ్ అంటే మొదట మండుతున్న కట్టె, ఆ తర్వాత పశువులకు కాల్చి వేసే ముద్ర, ఆ తర్వాత కంపెనీ ముద్ర. బ్రాండ్ న్యూ అంటే కొలిమిలోంచి అప్పుడే తీసినది. బ్రాందీ డచ్చి మాట, "కాచిన సారా" అనుకోండి. ఇంక్ గ్రీకులో "కాల్చి అద్దినది". హోలోకాస్ట్ కూడా ఆ ఇంటిదే, "మొత్తంగా కాలినది". కామ్‌గా ఉండు అంటాం చూశారా, ఆ కామ్ కూడా గ్రీకులో మండుటెండ అనే మాట నుంచే వచ్చిందంటారు. ఎండ వేళ పనులన్నీ ఆగి, గాలి కూడా స్తంభించినప్పుడుండే నిశ్శబ్దం. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు పూర్ణా మార్కెట్ సందుల్లో నడిచినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

మనింట్లో ఉన్న చుట్టాలను పిలవండి

ఇక్కడే మన తెలుగువాళ్లకు ఒక లాభం ఉంది. మనం రోజూ వాడే సంస్కృత మాటలు లాటిన్, గ్రీకు మాటలకు దగ్గర బంధువులు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఈ బంధుత్వం గురించి మాట్లాడాక దాని మీద పెద్ద శాస్త్రమే పెరిగింది. మనకు అంత అక్కర్లేదు. అక్షరాలు ఎలా మారతాయో రెండు మూడు గుర్తులు చాలు.

సంస్కృతంలో ఘ ఉన్న కొన్ని చోట్ల గ్రీకులో థ, లాటిన్‌లో ఫ కనిపిస్తుంది. ఘర్మం అంటే వేడి, ఆ తర్వాత చెమట. గ్రీకులో థెర్మోస్, వేడైనది. థర్మామీటర్, టీ పోసుకునే థర్మోస్ ఫ్లాస్క్ అక్కడివే. లాటిన్‌లో ఫార్నాక్స్, అంటే కొలిమి, దాని నుంచే ఫర్నేస్. మా గాజువాక పిల్లలకు ఈ మాట కొత్త కాదు, స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయని నాకన్నా ముందే చెప్తారు. ఉక్కపోతకు కారే ఘర్మం, అన్నపూర్ణ ఫర్నేసు ఒకే ఇంటి మాటలని వాళ్లకు నేను చెప్తాను.

తాపం, తపస్సుల్లోని "తప్", టెపిడ్‌లోని "టెప్" ఒకటే. ఉష్ణంలోని మొదటి ముక్క కంబశ్చన్, అంటే మండడం, అనే మాట మధ్యలో నలిగిపోయి ఉంది, లాటిన్‌లో ఊరేరే అంటే కాల్చడం. క్యాండిల్, క్యాండిడేట్‌లలో ఉన్న "క్యాండ్"కు మెరవడమని అర్థం, చంద్రుడిది కూడా అదే ధాతువు, అంటే మూల మాట. రోములో పదవికి పోటీ చేసేవాళ్లు సుద్దతో తెల్లగా మెరిపించిన బట్టలు వేసుకునేవారు, అందుకని క్యాండిడేట్. మన ఖద్దరు చొక్కాలు ఎక్కడికీ పోలేదు. డాక్టరు "హాట్ ఫోమెంటేషన్ పెట్టండి" అంటే మనం కాపడం అంటాం. ఆ ఫోమెంటేషన్‌కు బంధువు దహనం.

చుట్టమో కాదో ఎలా తేల్చాలి

మాటలు ఒకేలా వినిపిస్తే నమ్మకండి. ఈ పనిలో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

పొగ, ఫాగ్. ఎంత ముద్దుగా కుదిరాయో! చలికాలం తెల్లవారుజామున లంబసింగి వెళ్లొచ్చిన ప్రతివాడూ ఇది కనిపెడతాడు. కానీ సంబంధం లేదు. పొగ, నిప్పు, మంట, పొయ్యి, కాలు (నడిచే కాలు కాదు, కాలడం), మసి ఇవన్నీ మన సొంత ద్రావిడ మాటలు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ దొర 1816లోనే రాశాడు. కాబట్టి "కాలు"కూ క్యాలరీకీ ముడిపెట్టకండి, "పొయ్యి"కీ ఫైర్‌కీ అసలే వద్దు. ఫైర్‌కు చుట్టం కావాలంటే గ్రీకు వైపు వెళ్లండి, అక్కడ నిప్పు పేరు ప్యూర్. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్‌ను యాంటీపైరెటిక్ అనేది అందుకే, ఒంట్లో నిప్పుకు విరుగుడు.

ఇంగ్లీషువాళ్లే బోల్తా పడ్డవీ ఉన్నాయి. సిండర్ అంటే కాలి మిగిలిన చిట్టెం. పాత ఇంగ్లీషులో దాని మొదటి అక్షరం ఎస్. ఫ్రెంచిలో బూడిదకు ఉన్న మాట దీనిలాగే ఉండేసరికి, అక్కడి నుంచే వచ్చిందనుకుని స్పెల్లింగును సి చేసేశారు. రెండింటికీ చుట్టరికమే లేదు.

నా సంగతీ చెప్పాలి. ఒక భోగి ముందు రోజు క్లాసులో బాన్‌ఫైర్ అంటే ఫ్రెంచి "బాన్", అంటే మంచి, మంచి మంట అని బోర్డు మీద రాసి మరీ చెప్పాను. మంగళకరమైన భోగిమంట అని కవిత్వం కూడా జోడించాను. మర్నాడు పొద్దున్నే ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది: "సార్, డిక్షనరీలో ఎముకలు అని ఉంది." నిజమే. అది బోన్ ఫైర్, ఎముకల మంట. 1483 నాటి ఇంగ్లీషు-లాటిన్ నిఘంటువులో లాటిన్ అర్థం కూడా "ఎముకల నిప్పు" అనే ఉంది. మా వీధి చివర పాత తలుపులు, పిడకల దండలు మండుతుంటే ఆ మెసేజ్ చదువుకున్నాను. 1755లో తన పెద్ద డిక్షనరీలో శామ్యూల్ జాన్సన్ కూడా నాలాగే "మంచి మంట" అనే రాశాడని తర్వాత తెలిసి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. క్లాసులో మాత్రం బోర్డు తుడిచి మళ్లీ రాయక తప్పలేదు.

ఫ్యూజులు రెండని కూడా రాసుకోండి. ఇంట్లో "ఫ్యూజు పోయింది" అనేది కరగడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి. టపాకాయకుండే ఫ్యూజు, అంటే వత్తి, ఇటలీలో నూలు వడికే కదురు నుంచి.

ఇన్‌ఫ్లేమబుల్ విషయంలో మాత్రం పొరపాటు ప్రాణాల మీదికి వస్తుంది. మల్కాపురం వైపు వెళ్లే ట్యాంకర్ల వెనక "హైలీ ఇన్‌ఫ్లేమబుల్" అని ఉంటుంది. ముందున్న "ఇన్"ను "కాదు" అనుకుంటే, మండనిది అనుకుంటాం. ఇక్కడ "ఇన్" అంటే లోపలికి, బాగా అని, మంట అంటుకునేది అని. ఈ గందరగోళం భయంతోనే 1920లలో అమెరికాలో అగ్ని ప్రమాదాల నివారణ సంఘంవాళ్లు ఫ్లేమబుల్ అనే రాయమని పట్టుబట్టారు. రెంటికీ అర్థం ఒకటే. పరీక్షలో ఇవి వ్యతిరేక పదాలా అని అడిగితే కాదని పెట్టండి.

నోటుబుక్కులో ఎలా రాయాలి

మాటకో పేజీ ఇవ్వండి. పైన మాట, కింద అది మొదట కనిపించిన వస్తువు, దాని కింద చుట్టాలు. చుట్టమని రుజువైనవి పెన్నుతో, అనుమానమున్నవి పెన్సిల్‌తో. పెన్సిల్ మాటలను చెరిపేయడానికి సిగ్గుపడొద్దు. చివర మీ ఊరి వాక్యం ఒకటి సొంతంగా రాయండి. పుస్తకంలోది ఎక్కించకండి.

వారానికొకసారి ఒకే వార్తను తెలుగు పేపర్లోనూ ఇంగ్లీషు పేపర్లోనూ చదివి మాటలు పక్కపక్కన పెట్టుకోండి. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇలాంటప్పుడు తెలుగు పేపరు "అగ్నికి ఆహుతి" అని రాస్తుంది. ఇంగ్లీషు పేపరు "గటెడ్" అని రాస్తుంది. గట్ అంటే పేగులు. చేప పొట్ట చీల్చి లోపలిదంతా లాగేయడాన్ని అలా అంటారు. పైన డొల్ల మిగిలి లోపలంతా కాలిపోయిన ఇంటికీ, బోటుకీ అదే మాట వచ్చింది. హార్బర్‌లో పొద్దున కత్తిపీట ముందేసుకుని కూర్చున్న ఆడవాళ్లు చేప కడుపులో వేలు పెట్టి ఒక్క గుంజుతో పేగులు ఊడబెరికి పక్కన పడేస్తారు. అది ఒకసారి చూసినవాళ్లకు గటెడ్ అంటే ఏమిటో ఇక మర్చిపోవడం కుదరదు.

కథ ఇక్కడ అయిపోలేదు. గట్‌ను వెనక్కి లాగితే "పోయడం" అనే పాత ధాతువు దగ్గరికి వెళ్తుంది. పేగు అంటే పోసింది పారే కాలువ. సంస్కృతంలో హ ఉన్న కొన్ని చోట్ల ఇంగ్లీషులో గ ఉంటుంది, హంసకు గూస్ చుట్టమైనట్టు. అదే ధాతువు సంస్కృతంలో "హు". నిప్పులో నెయ్యి పోయడం. హోమం, హుతం, ఆహుతి. లాటిన్‌లో అదే మాట ఫ అయి, కరిగించి పోయడమై, ఫౌండ్రీ అయింది, ఇంట్లో కరిగిపోయే ఫ్యూజు అయింది. అంటే ఆహుతి, గటెడ్ అని రెండు పేపర్లూ వేల ఏళ్ల కిందట విడిపోయిన ఒకే మాటను రాస్తున్నాయి. ఇది దొరికిన రోజు నాకు రాత్రి పన్నెండు దాటినా నిద్ర పట్టలేదు.

మన వైపు నుంచి వెళ్లినవీ వెతకండి

ఇంగ్లీషు డిక్షనరీలో ఊట్జ్ అనే మాట ఉంది, మూసలో కరిగించి చేసిన మన దక్షిణాది ఉక్కు. 1795లో లండన్ రాయల్ సొసైటీలో చదివిన ఒక వ్యాసంలో ఆ పేరు కనిపిస్తుంది. కన్నడ, తెలుగు "ఉక్కు"ను ఎవరో తప్పుగా రాసుకుంటే అలా అయిందని డిక్షనరీలే ఒప్పుకుంటాయి. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని అరిచిన ఊళ్లో ఈ పేజీ పెన్నుతోనే రాయాలి.

షెరూట్ అంటే చుట్ట. తమిళ చురుట్టు నుంచి వెళ్లింది, చుట్టినది అని అర్థం. మన చుట్ట కూడా చుట్టిందే. అయినా నా పుస్తకంలో రెంటినీ కలపలేదు, పక్కపక్కన పెన్సిల్‌తో రాసి ఉంచాను. ఆ పేజీ రాస్తుండగా జాలారిపేటలో చూసిన ఒక ముసలమ్మ గుర్తొచ్చింది. చుట్ట వెలిగించి, వెలుగుతున్న కొసను నోట్లో పెట్టుకుని మూసేసింది. అడ్డపొగ. నోటికి ఎంత చేటో డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నారు. వాళ్లు దానికి రివర్స్ స్మోకింగ్ అని రెండు మాటలు అతికించి పేరు పెట్టుకున్నారు. "నిప్పు లోపలుంటే కాలదా మామ్మా" అని అడిగితే, చుట్ట తియ్యకుండానే నవ్వి, "గాలికి ఆరిపోద్ది గదా బాబూ, వల కాడ చేతులు ఖాళీ ఉండవు" అంది.